బడి బోర్డులో పిల్లల కుర్చీ ఎలా వచ్చింది?

పిల్లల చదువు మీద తల్లిదండ్రుల మాట వినాలని ఇవాళ చాలా దేశాల చట్టాల్లో ఉంది. అది అక్కడికి చేరిన దారి చూస్తే దాన్ని సర్కారు దయ అనడానికి నోరు రాదు.

సర్కారు బడి పుట్టిందే పైనుంచి దిగిన హుకుంగా. 1763లో జర్మన్ రాజ్యం ప్రష్యా రాజు రెండో ఫ్రెడరిక్, పిల్లలు అయిదేళ్ల నుంచి బడికి వెళ్లి తీరాలని శాసనం చేశాడు. పంపనివాళ్లకు జరిమానా. ఇంగ్లండు 1880లో, ఫ్రాన్సు 1882లో చదువును తప్పనిసరి చేశాయి. తల్లిదండ్రుల పని పిల్లల్ని పంపడం, అంతే. లోపల ఏం చెబుతున్నారో, ఎందుకు కొడుతున్నారో అడిగే పని వాళ్లది కాదు.

అడిగింది ముందు పిల్లలే. 1911 సెప్టెంబరులో వేల్స్‌లోని లనెల్లిలో మొదలైన బడి సమ్మె కొద్ది రోజుల్లోనే బ్రిటన్‌లో పదుల ఊళ్లకు పాకింది. బెత్తం మానాలన్నది వాళ్ల గట్టి కోరిక. 1914లో ఇంగ్లండులోని బర్స్టన్ అనే పల్లెలో 72 మంది పిల్లల్లో 66 మంది బయటికొచ్చేశారు, తమకు నచ్చిన టీచర్లను తీసేశారని. జరిమానాలు పడ్డా తల్లిదండ్రులు తగ్గలేదు. వాళ్లు పెట్టుకున్న వేరు బడి 1939 దాకా నడిచింది.

ఆగి చూడాల్సిన రోజు మాత్రం 1951 ఏప్రిల్ 23. అమెరికాలోని వర్జీనియాలో ఫార్మ్‌విల్ ఊరు. నల్లపిల్లల మోటన్ హైస్కూలు కట్టింది సుమారు 180 మందికి, చదివేది 450 మందికి పైనే. సరిపోనివాళ్లకు తారు కాగితం కప్పిన షెడ్లు. వానొస్తే లోపలా కురిసేది. కొత్త భవనం కోసం తల్లిదండ్రుల సంఘం అక్కడి బడుల బోర్డు చుట్టూ తిరిగి తిరిగి అలిసిపోయింది.

ఆ రోజు ప్రిన్సిపాలుకు ఒక దొంగ ఫోను వెళ్లింది, మీ పిల్లలు ఊళ్లో చిక్కుల్లో ఉన్నారని. ఆయన అటు వెళ్లగానే, ఆయన పంపినట్టే క్లాసులకు చీటీలు అందాయి. అందరూ హాల్లో చేరాక తెర తీస్తే, వేదిక మీద పదహారేళ్ల బార్బరా జాన్స్ నిలబడి ఉంది. ఆమె మాటతో బడి మొత్తం బయటికి నడిచింది.

సాయం అడిగితే, నల్లవాళ్ల హక్కుల కోసం పోరాడే సంస్థ ఎన్‌ఏఏసీపీ లాయర్లు మెలిక పెట్టారు. కొత్త భవనం కోసమైతే రాము, తెల్లపిల్లలతో ఒకే బడి కావాలంటేనే వస్తాం, అదీ తల్లిదండ్రులు ఒప్పుకుంటేనే. భయపడాల్సింది ఇప్పుడు పెద్దవాళ్లు. పని ఇచ్చేదీ అప్పు ఇచ్చేదీ చాలావరకు తెల్లవాళ్లే. అయినా ఒప్పుకున్నారు. అలా వేసిన కేసు ఇంకొన్నిటితో కలిసి బ్రౌన్ కేసు అనే పేరుతో సుప్రీంకోర్టుకు వెళ్లింది. రంగును బట్టి వేరు బడులు చెల్లవని 1954లో ఆ కోర్టు తేల్చింది.

కథ ఇక్కడే అయిపోతే బాగుండు. కలిపి చదివించాల్సి వస్తుందని ఫార్మ్‌విల్ ఉన్న కౌంటీ, అంటే మన జిల్లా లాంటిది, 1959లో సర్కారు బడులన్నిటికీ తాళం వేసింది. 1964 దాకా తీయలేదు. తెల్లపిల్లలకు పెద్దవాళ్లు ప్రైవేటు బడి పెట్టుకున్నారు. తల్లిదండ్రుల మాట అనగానే చప్పట్లు కొట్టేవాళ్లకు నేను గుర్తుచేసేది ఈ అయిదేళ్లనే.

ఆ తర్వాత చట్టాలు ఒక్కొక్కటే వచ్చాయి. బ్రిటన్‌లో 1980 చట్టం తల్లిదండ్రులకు బడి గవర్నర్లలో, అంటే పాలకవర్గంలో, చోటు ఇచ్చింది. 1989లో న్యూజిలాండ్ ఒక్కో బడినీ తల్లిదండ్రులు ఎన్నుకునే బోర్డుకు అప్పగించింది. మన దేశంలో 2009 విద్యాహక్కు చట్టం బడి యాజమాన్య కమిటీలో నాలుగింట కనీసం మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలంది.

దక్షిణాఫ్రికాలో పిల్లలకూ కుర్చీ దొరికింది, అదీ నెత్తురు చిందాక. సగం పాఠాలు తెల్ల పాలకుల భాష ఆఫ్రికాన్స్‌లో చెప్పాలన్న ఉత్తర్వు మీద 1976 జూన్ 16న నల్లవాళ్ల బస్తీ సొవెటో పిల్లలు ఊరేగింపుగా వెళ్తే పోలీసులు కాల్చారు. ఇరవై ఏళ్లకు, 1996 చట్టంలో, ఎనిమిదో తరగతి, ఆపై పిల్లల ప్రతినిధులకు బడి పాలకవర్గంలో చోటు వచ్చింది. బడి మీద చట్టపరమైన బాధ్యత మోపే తీర్మానం వస్తే మాత్రం మైనరు ఓటు వేయకూడదని అదే చట్టం 32వ సెక్షనులో ఉంది.