స్కానింగ్ గదిలో ఆ సంతకం ఎందుకు?

విజయవాడ సూర్యారావుపేటలోనో, గుంటూరు కొత్తపేటలోనో గర్భిణి స్కానింగ్‌కు వెళ్తే, బల్ల మీద పడుకోకముందే ఒక కాగితం నింపాలి. పేరు, వయసు, ఇప్పటికే ఉన్న పిల్లలెందరు, వారిలో ఆడపిల్లలెందరు, స్కానింగ్ ఎందుకు రాశారు అన్న వివరాలన్నీ అందులో ఉంటాయి. పుట్టబోయేది ఆడో మగో తెలుసుకోవాలని తనకు లేదని ఆమె, ఆ సంగతి తాను చూడనూ లేదు, చెప్పనూ లేదని డాక్టరు సంతకాలు చేస్తారు. ఇదే ఫారం-ఎఫ్. తొలిచూలు అమ్మాయికి ఈ ప్రశ్నలు తనను అనుమానించినట్టే అనిపించవచ్చు గానీ, వాటి వెనుక పెద్ద కథే ఉంది.

గ్లాస్గోలో ప్రసూతి వైద్య ఆచార్యుడైన ఇయాన్ డొనాల్డ్, లోహంలో పగుళ్లను కనిపెట్టడానికి బాయిలర్ల కర్మాగారంలో వాడే యంత్రాన్ని చూసి, దానితో కడుపులోని గడ్డలను కూడా గుర్తించవచ్చునని తలచారు. ఇంజినీరు టామ్ బ్రౌన్, వైద్యుడు జాన్ మెక్‌వికార్‌లతో కలిసి ఆయన రాసిన వ్యాసం 1958లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. అప్పటిదాకా కడుపులో బిడ్డను చూడాలంటే ఎక్స్‌రేయే దిక్కు. గర్భంలో ఉండగా ఎక్స్‌రే తగిలిన పిల్లల్లో క్యాన్సర్ ఎక్కువని బ్రిటిష్ వైద్యురాలు ఆలిస్ స్టీవర్ట్ 1956లోనే హెచ్చరించారు. స్కానింగ్‌లో ఆ కిరణాలు లేవు. చెవికి అందని శబ్దాన్ని పంపి, తిరిగొచ్చే ప్రతిధ్వనితోనే బొమ్మ గీస్తుంది.

ఈ యంత్రం తల్లులకు చేసిన మేలు ఇంతా అంతా కాదు. నెలసరి తేదీ గుర్తులేని ఆమెకు సైతం, మూడో నెలలో బిడ్డ తల నుంచి పిరుదుల దాకా పొడవు కొలిచి, కాన్పు తేదీని కొద్ది రోజుల తేడాతో చెప్పగలుగుతున్నారు. మాయ కిందికి ఉందన్న సంగతి ఒకప్పుడు రక్తస్రావమయ్యాకే తెలిసేది. ఇప్పుడు ముందే తెలుస్తోంది. ఐదో నెలలో చేసే టిఫా స్కాన్‌లో గుండె గదులు, వెన్నెముక, మూత్రపిండాలు ఒక్కొక్కటిగా చూస్తారు.

కడుపులో ఉన్నది ఆడపిల్లని తెలిస్తే గర్భం తీయించుకునేవారి వల్ల అదే తెర ఆడపిల్లల పాలిట శాపమైంది. పుట్టబోయేది ఆడో మగో చెప్పడాన్ని అడ్డుకునేందుకు 1988లో మహారాష్ట్ర, 1994లో కేంద్రం చట్టాలు చేశాయి. కేంద్ర చట్టం 1996 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చి, 2003 సవరణలతో మరింత బిగిసింది. ఈ జాడ్యం ఉత్తరాదిదేనని మనవాళ్లు అనుకున్నారు గానీ, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆరేళ్లలోపు వెయ్యి మంది మగపిల్లలకు ఆడపిల్లలు 1991లో 975, 2001లో 961, 2011లో 939 మంది. ఈ అంకెలు చూశాక ఫారం వద్దనడానికి నాకు నోరు రాదు. ఫారంలో తప్పులను రాతపొరపాట్లుగానే చూడాలన్న వైద్యుల వాదనను 2019లో సుప్రీంకోర్టు అంగీకరించలేదు.

నా బాధల్లా, ఈ కాగితాలకు జంకి అసలు స్కానింగే ఆలస్యం చేసుకునే వారి గురించి. 24 వారాల్లోపు ఒక్క స్కానింగైనా చేయించాలని 2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది. బిడ్డకు తీవ్రమైన లోపం ఉన్నట్టు ఆ గడువు దాటాక బయటపడితే, 2021 నుంచి అమలులో ఉన్న నిబంధనల ప్రకారం గర్భస్రావంపై నిర్ణయం మెడికల్ బోర్డు చేతికి వెళ్తుంది. ఏడో నెలలో తొలిసారి స్కానింగ్ బల్ల ఎక్కిన తల్లికి ఈ సంగతి అప్పుడే తెలుస్తుంది.