కిడ్నీకి జాతి ఉంటుందా? కొన్ని అపోహలు, వాస్తవాలు

నేను అమెరికాలో కిడ్నీ డాక్టర్‌ని. పిల్లల దగ్గరికి వచ్చిన మనవాళ్ళు రక్తపరీక్ష రిపోర్టులు పట్టుకుని నాకు ఫోన్ చేస్తుంటారు. కొన్నేళ్ళ క్రితం దాకా ఇక్కడి చాలా రిపోర్టుల్లో ఈజీఎఫ్ఆర్ (కిడ్నీలు రక్తాన్ని ఎంత బాగా వడకడుతున్నాయో చెప్పే అంకె, తగ్గేకొద్దీ జబ్బు ముదిరినట్టు) రెండు వరుసల్లో ఉండేది. ఆఫ్రికన్ అమెరికన్ అయితే ఇంత, కాకపోతే ఇంత. గుంటూరు నుంచి వచ్చిన ఒక పెద్దాయన, "అమ్మా, నేనూ నలుపే కదా, నాది ఏ వరుస?" అని అడిగారు. ఆయన టెన్షన్ కిడ్నీ గురించే. కానీ ఎవరిది ఏ జాతో తేల్చేది ఎవరన్న ప్రశ్నకు నా దగ్గర సరైన జవాబు లేదు.

అపోహ: జాతి రక్తంలోనే ఉంటుంది, అందుకే డాక్టర్లు రాసుకుంటారు.

అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసింది ఇదే. 1999లో, 2009లో వచ్చిన ఈజీఎఫ్ఆర్ లెక్కల్లో క్రియాటినిన్ (కండల నుంచి రక్తంలోకి వచ్చే వ్యర్థం), వయసు, ఆడా మగా అన్నవాటితో పాటు పేషెంట్ నల్లజాతివారా అన్నది కూడా ఉండేది. 2009 లెక్కలో నల్లవారైతే వచ్చిన అంకెను 1.159తో హెచ్చించాలి. వాళ్ళకి కండ ఎక్కువ, అందుకే క్రియాటినిన్ ఎక్కువ అన్నది అప్పటి వివరణ. ఎదురుగా కూర్చున్న మనిషి కండ ఎంతో మాత్రం మేమెవరం కొలవలేదు.

దాని ఫలితం చూడండి. డయాలసిస్ ఇంకా మొదలవని వారికి కిడ్నీ మార్పిడి వెయిటింగ్ లిస్టులో కాలం లెక్కకు రావాలంటే ఇక్కడ ఈజీఎఫ్ఆర్ 20కి మించకూడదు. ఒకే వయసు, ఒకే క్రియాటినిన్ ఉన్న ఇద్దరు మగవాళ్ళని తీసుకోండి. తెల్లాయనకు 18 వచ్చింది, క్యూలో చేరాడు. నల్లాయనకు అదే 18ని హెచ్చిస్తే 20.9. ఇంటికెళ్ళి ఇంకా జబ్బు ముదిరాక రమ్మన్నట్టే.

తల్లి తెల్లావిడ, తండ్రి నల్లాయన అయిన ఒక కుర్రాడు నా దగ్గరికి వచ్చేవాడు. ఇతనికి సగమే హెచ్చించాలా అని నా సీనియర్‌ని అడిగాను. ఫారంలో ఏ గడిలో టిక్ పెట్టాడో చూడమన్నారు. అదే కుర్రాడు పక్క గడిలో పెట్టి ఉంటే కిడ్నీ మారిపోయేదా?

మనుషుల జన్యువుల్లో తేడాలు లేవని నేననడం లేదు. ఆ తేడాల్లో దాదాపు 85 శాతం ఒకే జనసమూహం లోపలే ఉంటాయని జన్యుశాస్త్రవేత్త రిచర్డ్ లెవాంటిన్ 1972లోనే లెక్కగట్టారు. జాతి పేరుతో మనం గీసుకున్న గీతలకూ ఆ తేడాలకూ పొంతన కుదరదు.

అపోహ: సికిల్ సెల్ (ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగిపోయే జబ్బు) నల్లవారి జబ్బు. కాదు. మలేరియా ఉన్న చోట్ల నిలదొక్కుకున్న జన్యువు అది. నీలగిరి గిరిజనుల్లో 1952లోనే కనుక్కున్నారు. గ్రీసులో ఉంది, మన పాడేరు, ఆదిలాబాద్ గిరిజనుల్లోనూ ఉంది.

అపోహ: సైన్సులో జాతి లేకపోతే జాతివివక్ష కూడా లేనట్టే. తెల్లవారంటే కకేషియన్లని (అప్పటి శాస్త్రం తెల్లవారున్న జాతికి పెట్టిన పేరు), 1922లో పౌరసత్వం అడిగిన ఒక జపనీయుడి కేసులో అమెరికా సుప్రీంకోర్టు చెప్పింది. మూడు నెలలకే, నేనూ కకేషియన్‌నే అన్న పంజాబీ సిక్కు భగత్‌సింగ్ థింద్‌కి, శాస్త్రం ఏమన్నా సామాన్యుడి దృష్టిలో నువ్వు తెల్లవాడివి కాదంది. గీత మనుషులు గీసిందే, పోయింది మాత్రం నిజమైన పౌరసత్వం.

ఇక, కావాలని చేస్తేనే వివక్ష అన్న మాట నా తోటి డాక్టర్ల నోట కూడా వింటుంటాను. ఆ ఈజీఎఫ్ఆర్ లెక్క కట్టినవారికి ద్వేషం ఉందని నేననను. నేనూ ఏళ్ళ తరబడి అదే వాడాను.

2021లో జాతి ప్రసక్తి లేని లెక్క వచ్చింది. మీ రిపోర్టులో ఇంకా రెండు వరుసలు ఉంటే కంగారు పడకండి, 2021 లెక్క ప్రకారం చెప్పమని అడగండి. అనుమానం మిగిలితే సిస్టాటిన్ సి అని, కండతో అంతగా ముడిపడని మరో రక్తపరీక్ష ఉంది. 2022 నుంచి ఇక్కడ మార్పిడి లిస్టుకు పాత లెక్క చెల్లదు. దానివల్ల నల్లవారు పోగొట్టుకున్న కాలాన్ని 2023 నుంచి తిరిగి కలుపుతున్నారు.

అలా నా పేషెంట్ ఒకాయనకు రెండేళ్ళు కలిశాయి. ఉత్తరం నేనే చదివి వినిపించాను. "నా మీద కోపంతో చేశారా?" అన్నారు. లేదన్నాను. ఆయన చాలాసేపు తన చేతి మీద, డయాలసిస్ సూదుల కోసం రక్తనాళాలు కలిపి చేసిన ఫిస్టులాని తడుముకుంటూ కూర్చున్నారు.