ఘనా కోకో ధర వెనుక ఏడున్నర దశాబ్దాల కథ

2024లో అంతర్జాతీయ మార్కెట్లో టన్ను కోకో ధర 10,000 డాలర్లు దాటినప్పుడు ఘనా రైతుకు ఆ పెరుగుదలలో కొంత భాగమే దక్కింది. పంటలో చాలా భాగాన్ని ప్రభుత్వ కోకో బోర్డు అంతకుముందే తక్కువ ధరకు అమ్మేసుకోవడం దీనికి తక్షణ కారణం కాగా, రైతు ధరను సర్కారు నిర్ణయించే పద్ధతి వలస పాలన నాటిది.

1911 నాటికే, అప్పట్లో గోల్డ్ కోస్టు అనే పేరుతో బ్రిటిష్ పాలనలో ఉన్న నేటి ఘనా కోకో ఉత్పత్తిలో ప్రపంచంలో మొదటి స్థానానికి చేరింది. ఆ ఘనత తెల్లదొరల ఎస్టేట్లది కాదు, అడవుల్లో భూములు కొని తోటలు వేసిన స్థానిక రైతులది. 1937-38లో ఐరోపా కంపెనీలు కుమ్మక్కై ధర తగ్గించబోతే, ఆ రైతులే నెలల తరబడి పంట అమ్మకుండా ఎదురు నిలిచారు. యుద్ధకాలపు నియంత్రణల తర్వాత 1947లో రైతుల నుంచి కోకో కొనే ప్రభుత్వ మార్కెటింగ్ బోర్డు ఏర్పడింది. మంచి ధర పలికిన ఏళ్లలో కొంత సొమ్ము దాచి, ధర పడిపోయినప్పుడు రైతును ఆదుకోవడం దాని ప్రకటిత ఉద్దేశం.

ఆచరణలో ఆ సొమ్ము ఖజానాకు ఆదాయ వనరైంది. ప్రపంచ ధర బాగా పెరిగిన 1954లో స్వాతంత్ర్యోద్యమ నేత ఎన్‌క్రుమా ప్రభుత్వం 60 పౌండ్ల బరువున్న కోకోకు 72 షిల్లింగులే ఇస్తామని శాసించడంతో అసాంటే ప్రాంతం భగ్గుమంది. ఆ ప్రాంత ముఖ్య నగరం కుమాసీలో ఎన్‌క్రుమాను వ్యతిరేకించిన నేషనల్ లిబరేషన్ మూవ్‌మెంట్ పార్టీ పుట్టుకకు అదే ప్రధాన ప్రేరణ. బడులకూ రోడ్లకూ కోకో ఆదాయం తోడ్పడింది కనుక అదంతా దుర్వినియోగమైందనడం న్యాయం కాదు. కానీ 1970 దశకంలో ద్రవ్యోల్బణం, వాస్తవ విలువకు మించి కట్టిన సెడీ (ఘనా కరెన్సీ) మారకపు రేటు కలిసి రైతు చేతికొచ్చే ధరను హరించాయి. రైతులు ముదిరిన చెట్ల స్థానంలో కొత్తవి నాటలేదు, పంటలో కొంత దొంగచాటుగా ఐవరీ కోస్టుకు తరలిపోయింది. 1983లో కరవు, కార్చిచ్చు తోడయ్యాయి. 1964-65లో 5.5 లక్షల టన్నులు దాటిన ఉత్పత్తి 1983-84కు దాదాపు 1.6 లక్షలకు పడిపోయింది.

ఐఎంఎఫ్, ప్రపంచ బ్యాంకు షరతులతో 1983లో మొదలైన సంస్కరణల్లో సెడీ విలువను తగ్గించి, రైతు ధరను పెంచారు. 2010-11లో ఉత్పత్తి 10 లక్షల టన్నులు దాటింది. 1990 దశకం ఆరంభంలో జనాభాలో సగానికి పైగా ఉన్న పేదలు 2012-13 నాటికి నాలుగో వంతుకు తగ్గారు. ఉత్తరాది సవన్నా ప్రాంతానికి మాత్రం ఆ మేలు తక్కువే అందింది.

రైతుల రాబడి పెంచేందుకు టన్నుకు 400 డాలర్లు అదనంగా ఇవ్వాలని ఘనా, ఐవరీ కోస్టు 2019లో కొనుగోలుదారులను కోరి ఒప్పించినా, బోర్డు అప్పులు, 2022 నాటి దేశ రుణ సంక్షోభం, చెట్లను చంపే వైరస్ తెగులు ఆ ప్రయత్నాన్ని బలహీనపరిచాయి. ఈ పరిస్థితుల్లో కొందరు రైతులు తోటలను గలామ్సే అనే అక్రమ బంగారు తవ్వకందారులకు అప్పగిస్తున్నారు. ఒకసారి తవ్విన నేలలో మళ్లీ కోకో పండించడం చాలా కష్టం.