ముదురు బాక్ బీరు రుచి: అపోహలు - వాస్తవాలు

బీరు రుచి చూసి, అందులోని గుణదోషాలను కాగితం మీద పెట్టడం నా వృత్తి. ఈ పనిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది జర్మనీకి చెందిన బాక్ అనే లాగర్, అంటే చల్లగా పులియబెట్టే ఒక రకం బీరు. జనం అన్నిటికన్నా ఎక్కువగా అపార్థం చేసుకునేది కూడా అదే. రాగి రంగు నుంచి ముదురు గోధుమ రంగు వరకు ఉండే ఈ బీరును గ్లాసులో పోసి ఎవరి ముందు పెట్టినా, గ్లాసు పెదవికి తగలకముందే ఒక మాట వస్తుంది: “ఇది బాగా ఘాటుగా ఉంటుందేమో!” కన్ను ముందుగానే తీర్పు చెప్పేశాక నాలుకకు చేయడానికి పని మిగలదు. కొన్నేళ్లుగా శిక్షణ తరగతుల్లో నేను వింటూ వస్తున్న అపోహలను ఇక్కడ ఒక్కొక్కటిగా తీసుకుంటాను.

అపోహ: రంగు ముదురుగా ఉంది కాబట్టి మాడిన రుచి, కాఫీ చేదు ఉంటాయి.

వాస్తవం: బాక్‌లో మాడు వాసన వచ్చిందంటే తయారీలో ఎక్కడో పొరపాటు జరిగిందనే అర్థం. బార్లీ గింజలను నానబెట్టి, మొలకెత్తించి, వాటిని వేడిగాలితో ఆరబెడితే మాల్ట్ తయారవుతుంది. లేత రంగు లాగర్లకు వాడే మాల్ట్‌ను చివరి దశలో సుమారు 80 నుంచి 85 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఆపేస్తారు. బాక్‌కు ప్రాణమైన మ్యూనిక్ మాల్ట్‌ను మాత్రం సుమారు 100 నుంచి 105 డిగ్రీల వరకు తీసుకువెళతారు. అది కూడా గింజలో ఇంకా కొంత తేమ ఉండగానే వేడి తగిలేలా చూస్తారు. అప్పుడు గింజలోని చక్కెరలు, అమైనో ఆమ్లాలు ఒకదానితో ఒకటి కలిసి గోధుమ రంగునూ, రొట్టె వాసననూ పుట్టిస్తాయి. ఫ్రెంచి శాస్త్రవేత్త లూయీ కమీల్ మయ్యార్ 1912లో వివరించిన రసాయన చర్య ఇదే. పొయ్యిలో రొట్టె పైపొర ఎర్రబడేటప్పుడు జరిగేది కూడా ఇదే. స్టౌట్ అనే నల్లని బీరులో వాడే నల్లని మాల్ట్ సంగతి వేరు. దానిని తిరిగే డ్రమ్ముల్లో 200 డిగ్రీలు దాటే వరకు వేయిస్తారు కాబట్టి కాఫీ, మాడిన గింజల చేదు వస్తాయి. బాక్‌లో అలాంటి మాల్ట్ వాడినా రంగు సరిచేయడానికి చిటికెడే తప్ప రుచి కోసం కాదు.

దీనికి తోడు డికాక్షన్ అనే పాత పద్ధతి ఒకటి ఉంది. పిండి చేసిన మాల్ట్‌ను వేడినీటిలో కలిపాక, ఆ ముద్దలో కొంత భాగాన్ని పక్కకు తీసి, వేరే పాత్రలో బాగా ఉడికించి, మళ్లీ అసలు పాత్రలో కలుపుతారు. అలా ఉడికేటప్పుడు వచ్చే వాసన, కాల్చిన రొట్టె వాసనకూ మరిగే గంజి వాసనకూ మధ్యలో ఉంటుంది. ఒకసారి ఆ పాత్ర పక్కన నిలబడ్డవారు బాక్ గ్లాసులో ఆ వాసనను వెంటనే గుర్తుపడతారు. నేటి మాల్ట్‌లతో ఈ శ్రమ లేకుండానే మంచి బాక్ చేయవచ్చని వాదించేవారున్నారు, చేసి చూపించినవారూ ఉన్నారు. అయినా డికాక్షన్ చేసిన బీరులో రొట్టె రుచి మరింత లోతుగా ఉంటుందనే నా అభిప్రాయం.

శిక్షణ పొందుతున్న తొలి రోజుల్లో నేను కూడా ఒక బాక్‌ను చూడగానే నా పత్రంలో “కాఫీ” అని రాశాను. మా శిక్షకురాలు ఏమీ అనలేదు. కాసేపటి తర్వాత లోపలి రంగు కనిపించని నల్లగాజు గ్లాసులో ఇంకో నమూనా ఇచ్చారు. రొట్టె పైపొర, లేతగా కాచిన చక్కెర పాకం, చివర్లో ఎండుద్రాక్ష నీడ అని రాశాను. రెండూ ఒకే సీసాలోని బీరు. 2001లో ఫ్రాన్సులోని బోర్డో విశ్వవిద్యాలయ పరిశోధకులు తెల్ల వైన్‌కు వాసన లేని ఎరుపు రంగు కలిపి 54 మంది వైన్ శాస్త్ర విద్యార్థులకు ఇచ్చినప్పుడు, వారు దానిని ఎర్ర వైన్‌కు వాడే మాటలతోనే వర్ణించారు. కంటి పెత్తనం అంత గట్టిది. అందుకే బాక్ రుచి నేర్చుకోవాలనుకునేవారికి నేను మొదట చెప్పేది గ్లాసును చూడకుండా వాసన పట్టమనే.

అపోహ: వాసన తియ్యగా ఉంది కాబట్టి ఇందులో చక్కెర కలిపారు, ఇది తీపి బీరు.

వాస్తవం: ఈ ఒక్క అపోహ పోతే బాక్ సగం అర్థమైనట్లే. జర్మనీ చట్టం ప్రకారం లాగర్ తరహాలో, అంటే చల్లని ఉష్ణోగ్రతలో అడుగున పులిసే ఈస్ట్‌తో చేసే బీరులో బార్లీ మాల్ట్, హాప్స్ (బీరుకు చేదు, వాసన ఇచ్చే పూలు), ఈస్ట్, నీరు తప్ప చక్కెర వేయడానికి వీలులేదు. బాక్‌లో ఉండే తీపి భావన అంతా మాల్ట్ నుంచి వచ్చినదే, అందులోనూ చాలా భాగం ముక్కు కల్పించే తీపి. కాచిన పాకాన్నీ, కాల్చిన రొట్టెనూ గుర్తుచేసే వాసన రాగానే మెదడు తీపిని ఊహించుకుంటుంది.

నాలుక మీద నిజంగా ఏముందో చూద్దాం. నీటి సాంద్రతను 1.000 అనుకుంటే, పులియడానికి ముందు బాక్ రసం సాంద్రత సుమారు 1.064 నుంచి 1.072 వరకు ఉంటుంది. పులిశాక అది 1.013 నుంచి 1.019 మధ్యకు దిగుతుంది. అంటే ఈస్ట్ తినగలిగిన చక్కెరలు చాలావరకు ఖర్చయిపోయాయి. మిగిలేది ఎక్కువగా డెక్స్‌ట్రిన్లు, అంటే ఈస్ట్ తినలేని పిండిపదార్థపు ముక్కలు. వీటికి చెప్పుకోదగ్గ తీపి లేదు, నోటికి నిండుదనాన్ని మాత్రం ఇస్తాయి. ఆ నిండుదనాన్నే చాలామంది తీపి అనుకుంటారు.

మంచి బాక్ ఒక గుక్క నోట్లో ఎలా నడుస్తుందో చెబుతాను. మొదట మెత్తగా, మాల్ట్ తీపి తలుపు తీసినట్లు ఉంటుంది. నాలుక మధ్యకు వచ్చేసరికి రొట్టె పైపొర, కాల్చిన గింజ, కొద్దిగా పాకం తెలుస్తాయి. మింగే సమయానికి హాప్స్ చేదు మెల్లగా వచ్చి ఆ తీపిని ఆపుతుంది, ఆపి తాను కూడా తప్పుకుంటుంది. ముదురు బాక్‌లో చేదు 20 నుంచి 27 ఐబీయూ (బీరు చేదును కొలిచే ప్రమాణం) వరకు ఉంటుంది. అంతే చేదు పలుచని లాగర్‌లో అయితే స్పష్టంగా తగులుతుంది, ఇక్కడ మాల్ట్ బరువు కింద అది ఒక గీతలా మాత్రమే నిలుస్తుంది. మింగిన తర్వాత పై పెదవిని కింది పెదవికి ఆనించి చూడండి. జిగురుగా అంటుకుంటే ఆ బీరు సరిగా పులియలేదు. అంటుకోకుండా విడిపోయి, నోట్లో రొట్టె వాసన మాత్రం నిలిచి, మరో గుక్క తాగాలనిపిస్తే బీరు తయారుచేసినవారికి పని తెలుసు. నా తీర్పులో సగం మార్కులు ఈ ముగింపుకే వెళతాయి.

అపోహ: రంగు ఎంత ముదిరితే మత్తు అంత ఎక్కువ.

వాస్తవం: రంగుకూ ఆల్కహాల్‌కూ సంబంధం లేదు. నల్లగా కనిపించే డ్రాఫ్ట్ గిన్నిస్ స్టౌట్‌లో ఆల్కహాల్ 4.2 శాతమే. మేలిమి బంగారు రంగులో ఉండే హెల్లెస్ బాక్‌లో 6.3 నుంచి 7.4 శాతం వరకు ఉంటుంది. ముదురు బాక్ కూడా దాదాపు అంతే; ఇంకా గట్టి రకమైన డాపెల్‌బాక్ 7 నుంచి 10 వరకు వెళుతుంది. బీరును గడ్డకట్టించి మంచును తీసేయడం ద్వారా చిక్కబరిచే ఐస్‌బాక్ 9 నుంచి 14 శాతం దాకా కూడా పోతుంది. జర్మనీలో ఒక బీరును బాక్ అనాలంటే చూసేది రంగును కాదు, పులియడానికి ముందు రసంలో కరిగి ఉన్న పదార్థం బరువులో కనీసం 16 శాతం ఉందా లేదా అన్నదే.

అయితే ఇక్కడ ఎదురు ప్రమాదం ఒకటి ఉంది. సరిగా చేసిన బాక్‌లో ఆల్కహాల్ గొంతును మండించదు, ఛాతీలో ఒక వెచ్చదనంలా మాత్రమే తెలుస్తుంది. అందువల్ల తాగినది ఎంతో తెలియదు. 7 శాతం ఉన్న 500 మిల్లీలీటర్ల గ్లాసులో సుమారు 28 గ్రాముల స్వచ్ఛమైన ఆల్కహాల్ ఉంటుంది. 5 శాతం లాగర్‌లో అదే కొలతకు సుమారు 20 గ్రాములు. రుచి పరీక్షల్లో మేం కొద్దికొద్దిగా, చిన్న గ్లాసుల్లోనే తీసుకోవడానికి ఇది ఒక ముఖ్య కారణం. తాగినవారు వాహనం నడపకూడదన్న నియమానికి బాక్ మెత్తదనం మినహాయింపు కాదు.

అపోహ: వసంతంలో తొట్టెలు కడిగేటప్పుడు అడుగున మిగిలిన మడ్డితోనే బాక్ చేస్తారు.

వాస్తవం: ఈ మాట చాలా దేశాల్లో తిరుగుతోంది, దానికి ఆధారం లేదు. తొట్టె అడుగున ఉండేది చనిపోయిన ఈస్ట్, ప్రోటీన్, హాప్స్ చెత్త. దానితో బీరు చేస్తే మాంసపు రసంలా, కాలిన రబ్బరులా వాసన వస్తుంది; నురుగు కూడా నిలవదు. బాక్‌కు ఈ చెత్త కాదు, మామూలు లాగర్ కన్నా ఎక్కువ మాల్ట్ కావాలి. వసంతంలో బయటికి రావడానికి కారణం చలికాలంలో వండి, సున్నా డిగ్రీల దగ్గర వారాలు, నెలల తరబడి నిలవ ఉంచడమే. దక్షిణ జర్మనీలోని బవేరియాలో 1553 నాటి శాసనం ప్రకారం ఏప్రిల్ 23 నుంచి సెప్టెంబరు 29 వరకు బీరు వండడం నిషేధం కాబట్టి చలికాలపు వంటే ఆ రోజుల్లో దారి.

పేరు విషయం కూడా ఇక్కడే చెప్పాలి. సీసాల మీద మేకపోతు బొమ్మ చూసి కొందరు ఇందులో ఏదో జంతు సంబంధం ఉందనుకుంటారు. ఈ బీరు మూలం ఉత్తర జర్మనీలోని ఐన్‌బెక్ పట్టణం. అక్కడి బీరు అమ్మకానికి 1378 నాటి లిఖిత ఆధారం ఉంది. బవేరియా రాజధాని మ్యూనిక్ పాలకులు ఆ బీరును చాలాకాలం తెప్పించుకుని, చివరికి 1614లో ఐన్‌బెక్ నుంచి ఏలియాస్ పిఖ్లర్ అనే నిపుణుడినే తమ ఆస్థాన బీరు తయారీశాల హోఫ్‌బ్రాయ్‌హౌస్‌కు రప్పించుకున్నారు. బవేరియా యాసలో ఐన్‌బెక్ పేరు నలిగి, నలిగి “ఐన్ బాక్” అయింది. జర్మన్‌లో ఆ మాటకు “ఒక మేకపోతు” అని అర్థం. బొమ్మ అక్కడి నుంచి వచ్చింది.

అపోహ: ముదురు బీరు బలవర్ధకం, సన్యాసులే దీనితో ఉపవాసాలు గడిపారు.

వాస్తవం: మ్యూనిక్‌లోని పౌలానర్ సన్యాసులు ఉపవాస దినాల కోసం చిక్కని బీరు వండుకున్న మాట చరిత్రే, డాపెల్‌బాక్ సంప్రదాయం అక్కడే మొదలైంది, ఆ బీరుకు ఉన్న సాల్వేటర్ అన్న పేరు చూసి మిగిలిన తయారీదారులు తమ డాపెల్‌బాక్‌లకు “ఏటర్” తోకతో పేర్లు పెట్టుకున్నారు. దానిని “ద్రవరూపపు రొట్టె” అన్నది అందులోని కేలరీలను బట్టి. పైన చెప్పిన 28 గ్రాముల ఆల్కహాల్ ఒక్కటే సుమారు 195 కేలరీలు ఇస్తుంది. కేలరీ వేరు, పోషణ వేరు. గర్భిణులకు ముదురు బీరు మంచిదన్న మాట పూర్తిగా తప్పు. గర్భంలో ఇంత తాగితే క్షేమం అనే హద్దు ఏదీ లేదు.

అపోహ: వెన్న వాసన వస్తే మేలైన బాక్, ఎంత పాతబడితే అంత మంచిది.

వాస్తవం: వెన్న వాసన డైఅసిటైల్ అనే పదార్థానిది. పులిసేటప్పుడు ఈస్ట్ వల్లే అది ఏర్పడుతుంది, చివర్లో ఉష్ణోగ్రతను కొంచెం పెంచి రెండు మూడు రోజులు ఓపిక పడితే ఈస్టే దానిని తిరిగి పీల్చుకుంటుంది. తొందరపడి చల్లబరిచిన బీరులో అది మిగిలిపోతుంది. నాలుక మీద జారుడుగా, జిడ్డుగా ఉన్న భావనను జనం మెచ్చుకోవడం చూసినప్పుడు నాకు నిజంగా బాధ కలుగుతుంది, ఎందుకంటే ఆ జిడ్డు కింద అసలు మాల్ట్ రుచి కప్పబడిపోయింది. అలాగే అరటిపండు వాసన బాక్‌కు చెందదు. ఎండుద్రాక్ష, ఎండిన ప్లమ్ వంటి వాసనలు, ముఖ్యంగా డాపెల్‌బాక్‌లో, మాల్ట్ నుంచే వస్తాయి; అవి దోషం కావు.

వయసు విషయంలో గట్టి డాపెల్‌బాక్, ఐస్‌బాక్ కొంతకాలం నిలవడాన్ని తట్టుకుంటాయి. మామూలు బాక్‌ను తాజాగానే తాగాలి. పాతబడ్డ సీసాలో మొదట రొట్టె వాసన మొద్దుబారుతుంది, తర్వాత తడిసిన అట్టపెట్టె వాసన బయలుదేరుతుంది.

అపోహ: బీరు ఎంత చల్లగా ఉంటే అంత రుచి.

వాస్తవం: దాహం తీర్చే పలుచని లాగర్‌కు అది సరిపోవచ్చు. బాక్‌ను ఫ్రిజ్‌లోంచి తీసిన వెంటనే, 3 లేదా 4 డిగ్రీల దగ్గర తాగితే డబ్బు పెట్టి కొన్న వాసనలో సగం గ్లాసులోనే ఉండిపోతుంది. 8 నుంచి 10 డిగ్రీలు దీనికి తగిన ఉష్ణోగ్రత. సీసాను బయటపెట్టి పావుగంట ఆగండి. గ్లాసును కొంచెం వంచి, మూడు వంతుల్లో రెండు వంతులు మాత్రమే పోయండి. లేత గోధుమ రంగు నురుగు పైకి లేచి నిలుస్తుంది. గ్లాసును దీపం వైపు ఎత్తితే, నల్లగా అనిపించిన బీరు అంచుల్లో గోమేధికంలా ఎర్రగా మెరుస్తుంది. మొదటి గుక్కలో చేదే కాస్త ముందుకు వచ్చినట్లు ఉంటుంది. అరచేతి వెచ్చదనం గాజులోకి పాకే కొద్దీ రొట్టె వాసన విచ్చుకుంటుంది. నురుగు పలుచబడి గ్లాసు గోడకు వలయాలుగా అంటుకున్న సమయానికి, అడుగున మిగిలిన రెండు గుక్కల్లో పాకం, ఎండుద్రాక్ష, కాల్చిన గింజ వేర్వేరుగా వినిపిస్తాయి. నా పత్రంలో ఎక్కువ గీతలు పడేది ఆ రెండు గుక్కల దగ్గరే.