‘రెడ్‌స్కిన్స్’ పేరు గౌరవమేనా? 1912 కార్లైల్ జట్టుకు జరిగింది చూడాలి

వాషింగ్టన్ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు మళ్లీ ‘రెడ్‌స్కిన్స్’ అనే పాత పేరే పెట్టుకోవాలని 2025 జూలైలో ట్రంప్ పట్టుబట్టారు. లేదంటే కొత్త స్టేడియం ఒప్పందానికి అడ్డుపడతానన్నట్టు మాట్లాడారు. వర్జీనియా, మేరీల్యాండ్‌లలో ఉంటున్న మన తెలుగువాళ్లకు అది స్థానిక జట్టు. ‘ఎర్రచర్మం వాళ్లు’ అని అర్థం వచ్చే ఆ పేరును 2020లో తీసేశారు. ఆ పేరు అమెరికా ఆదివాసులకు ఇచ్చిన గౌరవమని దాన్ని కోరేవాళ్లు అంటారు. వాళ్లలో కొందరు ఆదివాసులూ ఉన్నారు. 1933లో జట్టు కోచ్ లోన్ స్టార్ డీట్జ్ ఆదివాసి కాబట్టే ఆ పేరు పెట్టారని చెబుతారు.

జట్టు యజమాని జార్జ్ ప్రెస్టన్ మార్షల్ మాత్రం ఆ ఏడాదే పత్రికలతో వేరే మాట చెప్పాడు. అప్పట్లో బోస్టన్‌లో ఉన్న ఆ జట్టు పేరు బ్రేవ్స్. అదే పేరుతో ఒక బేస్‌బాల్ జట్టు కూడా ఉండటంతో జనం తికమకపడుతున్నారని, అందుకే మార్చానని, కోచ్‌ను చూసి కాదని స్పష్టంగా అన్నాడు.

డీట్జ్ ఆడిన జట్టు కార్లైల్. పెన్సిల్వేనియాలోని ఆ ప్రభుత్వ బోర్డింగ్ స్కూలు ఆదివాసి పిల్లలను ఇళ్ల నుంచి తెచ్చి ఎలా మార్చజూసిందో చాలామంది రాశారు. ఆ స్కూలు జట్టు పెద్ద పెద్ద కాలేజీలతో ఆడేది. 1912 సీజన్‌లో 14 మ్యాచ్‌లలో 12 గెలిచి, ఒకటి డ్రా చేసుకుని, ఒక్కటే ఓడింది. నవంబర్ 9న వెస్ట్ పాయింట్‌లో సైనిక అకాడమీని 27-6తో ఓడించింది. ఊండెడ్ నీ అనే చోట అమెరికా సైన్యం ఆదివాసులను కాల్చి చంపి అప్పటికి 22 ఏళ్లే. తర్వాత అధ్యక్షుడైన ఐసెన్‌హోవర్ ఆ రోజు ఓడిన జట్టులో ఆడాడు. కార్లైల్ స్టార్ జిమ్ థోర్ప్ ఆ వేసవిలోనే స్టాక్‌హోమ్ ఒలింపిక్స్‌లో రెండు స్వర్ణాలు తెచ్చాడు.

రెండు నెలలు గడిచాయో లేదో, 1913 జనవరిలో థోర్ప్ అంతకుముందు డబ్బు తీసుకుని బేస్‌బాల్ ఆడాడని ఒక పత్రిక రాసింది. డబ్బుకు ఆడేవాళ్లకు అప్పట్లో ఒలింపిక్స్‌లో చోటు లేదు. అభ్యంతరాలకు నిబంధనల్లో ఉన్న 30 రోజుల గడువు ఎప్పుడో దాటింది. అయినా పతకాలు లాగేసుకున్నారు. కార్లైల్ కోచ్ పాప్ వార్నర్ తనకేమీ తెలియదన్నాడు.

నా లెక్కలో అసలు మలుపు ఆ తర్వాతిది. జట్టు ఆటను నడిపించే క్వార్టర్‌బ్యాక్ గస్ వెల్ష్ ముందు నిలబడగా 200 మందికి పైగా విద్యార్థులు స్కూలు మీద విచారణ కోరుతూ పిటిషన్ మీద సంతకాలు పెట్టారు. 1914 ఫిబ్రవరిలో అమెరికా పార్లమెంటైన కాంగ్రెస్ కమిషన్ కార్లైల్‌కే వచ్చి వాళ్ల మాటలు వింది. కోచ్ నోటికొచ్చినట్టు తిడతాడని, ఆటగాళ్లను మనుషులుగా చూడడని వెల్ష్ చెప్పాడు. మ్యాచ్‌ల టికెట్ల డబ్బు వెళ్లే అథ్లెటిక్ ఫండ్‌ను సర్కారు ఆడిట్ చేయదని కూడా అప్పుడే బయటపడింది. వార్నర్ ఆరోపణలను కాదన్నాడు. స్కూలు సూపరింటెండెంట్‌ ఉద్యోగం పోయింది. వార్నర్ 1915లో పిట్స్‌బర్గ్ యూనివర్సిటీకి కోచ్‌గా వెళ్లి, అక్కడ మరింత పేరు తెచ్చుకున్నాడు.

ఆదివాసి ఆటగాళ్లకు ఏది గౌరవమో, ఏది కాదో వాళ్లే నోరు తెరిచి చెప్పిన సందర్భం అది. అయినా ఈ పేరు గొడవలో దాన్ని ఎవరూ తలుచుకోరు. డీట్జ్ పేరు మాత్రం ప్రతిసారీ వినిపిస్తుంది. అతను నిజంగా ఆదివాసేనా అన్నది 1919లోనే కోర్టుకెక్కింది, 30 రోజుల జైలు శిక్షతో ముగిసింది.

కార్లైల్ స్కూలు 1918లో మూతపడింది. థోర్ప్ 1953లో చనిపోయాడు. ఆయన్ను మళ్లీ ఏకైక విజేతగా ఒలింపిక్ కమిటీ ప్రకటించింది 2022లో. ‘రెడ్‌స్కిన్స్’ స్థానంలో ‘కమాండర్స్’ వచ్చిందీ ఆ ఏడాదే.