విదేశంలో పెళ్లి: తాళి కట్టారు సరే, కాగితం ఏది?

పోయిన నెలలో కవిటి వైపు నుంచి ఒకావిడ నా ఆఫీసుకి వచ్చారు. చేతిలో గుడ్డసంచి, అందులో పెళ్లి ఆల్బమ్. "మా గుంటడి పెళ్లి అబుదాబీలోనే అయిపోయింది బాబూ. పంతులు గారు తాళి కట్టించేరు. ఫొటోలున్నాయి, వీడియో ఉంది. ఇంక కాయితం ఏటికి?" అన్నారు. కొడుకు అక్కడ వెల్డరు. కోడలు విజిట్ వీసా మీద వెళ్లింది, గడువు దగ్గరపడుతోంది. ఆల్బమ్ పేజీలు తిప్పుతుంటే ఆవిడ వేళ్లు వణకడం చూశాను.

శ్రీకాకుళంలో పెళ్లిళ్ల రిజిస్ట్రేషన్, అటెస్టేషన్ పనులు చూసే లాయర్ని నేను. ఉద్దానం నుంచి ఇలాంటి ఆల్బమ్‌లు వస్తూనే ఉంటాయి. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: శాస్త్రోక్తంగా జరిగితే ఏ దేశంలోనైనా పెళ్లి పెళ్లే.

మన ఊళ్లో ఈ మాట చాలావరకు నిజం. 1955 హిందూ వివాహ చట్టం కింద ఆచారం ప్రకారం జరిగిన తంతే పెళ్లి, రిజిస్ట్రేషన్ దానికి రుజువు. అరసవల్లిలో తాళి కట్టి, నాలుగు రోజులాగి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకి వెళ్లినా ఇబ్బంది లేదు. పరాయి దేశంలో అలా కుదరదు. అక్కడ జరిగే పెళ్లికి అక్కడి చట్టం చెప్పిందే పద్ధతి. వధూవరులిద్దరూ ఆ దేశం వాళ్లు కాకపోయినా అంతే. ఆ ప్రభుత్వం అధికారం ఇచ్చిన వాళ్ల ముందు జరిగి, వాళ్ల రిజిస్టర్లోకి ఎక్కితేనే సర్టిఫికెట్ వస్తుంది. హాలు అద్దెకు తీసుకుని, పంతులు గారిని పిలిచి, మూడొందల మందికి భోజనాలు పెట్టినా ఆ రిజిస్టర్లో పేరు లేకపోతే అక్కడి ఆఫీసుల దృష్టిలో మీరిద్దరూ పెళ్లికానివాళ్లే. బాలీ బీచ్ పెళ్లిళ్లదీ ఇదే కథ. ఇండోనేషియాలో 1974 వివాహ చట్టం ప్రకారం మతపరమైన తంతు జరగాలి, అది ప్రభుత్వ నమోదులోకీ ఎక్కాలి. హోటల్ వాళ్ల ప్యాకేజీలో పూలమండపం ఉందంటే ఈ నమోదు కూడా ఉన్నట్టు కాదు.

కాగితం లేదని తెలిశాక చేసే పని అసలు కొంప ముంచుతుంది. "ఏముంది, ఇక్కడ జరిగినట్టు శుభలేఖ కొట్టించి రిజిస్టర్ చేయించేద్దాం" అని ఎవరో బ్రోకర్ చెప్తాడు. కొన్నేళ్ల క్రితం ఒక జంట అలాగే చేశారు. శుభలేఖ, సాక్షులు, సర్టిఫికెట్ అన్నీ వారంలో అయిపోయాయి. వీసా దగ్గర అబ్బాయి పాస్‌పోర్టు పేజీలు తిరగేశారు. సర్టిఫికెట్లో రాసిన పెళ్లిరోజు నాటికి అతను ఇండియాలోనే లేడు. ఇమిగ్రేషన్ ముద్ర, దాని మీద తేదీ స్పష్టంగా ఉన్నాయి. ఆ పాస్‌పోర్టు నేను చేత్తో పట్టుకుని చూశాను. వీసా పోయింది, అబద్ధపు కాగితం పెట్టారన్న మచ్చ మిగిలింది, ఆ రిజిస్ట్రేషన్ రద్దు కోసం మళ్లీ కోర్టు. ఆ అమ్మాయి పుట్టింట్లోనే ఏడాదిన్నర ఉండిపోయింది. తప్పుడు తేదీ మీద సంతకం పెట్టడం నేరం. దయచేసి ఆ పని చేయకండి.

నిజమైన దారి దీనికంటే సులువు. అబుదాబీలో ముస్లిమేతరుల సివిల్ పెళ్లికి 2021లోనే చట్టం వచ్చింది, పర్యాటకులు కూడా చేసుకోవచ్చు. ఆవిడ కొడుకుతో ఫోన్లో మాట్లాడి అదే చెప్పాను. అక్కడ చేసుకుని అక్కడే సర్టిఫికెట్ తీసుకుంటే శ్రీకాకుళంలో మళ్లీ రిజిస్టర్ చేయించక్కర్లేదు. కావాలంటే 1969 విదేశీ వివాహ చట్టం 17వ సెక్షన్ కింద మన రాయబార కార్యాలయంలో నమోదు చేయించుకోవచ్చు.

మిగతా అపోహలు త్వరగా చెప్పేస్తాను.

"ఎంబసీకి వెళ్తే ఆ రోజే పెళ్లి చేసేస్తారు." చేయరు. ఇద్దరిలో ఒకరైనా భారత పౌరులై ఉండాలి, ఒకరైనా అక్కడ 30 రోజులు ఉండి నోటీసు ఇవ్వాలి, అభ్యంతరాలకు మరో 30 రోజులు ఆగాలి, ముగ్గురు సాక్షులు కావాలి. వయసు ఏ దేశంలోని మన ఎంబసీలోనైనా మన లెక్కే: అబ్బాయికి 21, అమ్మాయికి 18.

"టూరిస్టు వీసా ఉంటే ఎక్కడైనా చేసుకోవచ్చు." దేశాన్ని బట్టి. లాస్ వేగాస్‌లో లైసెన్సు తీసుకున్న రోజే అయిపోతుంది. బ్రిటన్‌లో మామూలు విజిట్ వీసా పనికిరాదు, పెళ్లికి వేరే వీసా ఉంది, ఇంగ్లండ్‌లో నోటీసు ఇచ్చాక కనీసం 28 రోజులు ఆగాలి. ఫ్రాన్స్‌లో అయితే ఆ ఊరితో నెల రోజుల నివాస సంబంధం చూపించాలి.

మన వైపు మేనరికాలు, మేనమామ పెళ్లిళ్లు మామూలే కాబట్టి ఇదొకటి. మన విదేశీ వివాహ చట్టం ఆచారం ఉంటే ఒప్పుకుంటుంది. బ్రిటన్‌లో మేనమామ, మేనకోడలి పెళ్లి చేయరు. అమెరికాలో చాలా రాష్ట్రాలు మేనబావ, మేనమరదలి పెళ్లికీ ఒప్పుకోవు. టికెట్లు కొనేముందు అడగండి.

"అపోస్టిల్ ఉంటే గల్ఫ్ అంతటా చెల్లుతుంది." అపోస్టిల్ అంటే కాగితం అసలైనదేనని ప్రభుత్వం వేసే ముద్ర. అది సౌదీ, ఒమన్, బహ్రెయిన్‌లకు సరిపోతుంది. యూఏఈ, కువైట్, ఖతార్‌లకు ఆ దేశపు రాయబార కార్యాలయం ముద్ర కావాలి. ఇంకో విషయం, కాగితం ఏ దేశం ఇచ్చిందో అపోస్టిల్ ఆ దేశమే వేస్తుంది. విదేశీ సర్టిఫికెట్ పట్టుకుని ఇక్కడ తిరగకండి.

కవిటి ఆవిడ కొడుక్కి సర్టిఫికెట్ వచ్చింది, అరబిక్‌లో, ఇంగ్లీషులో. అందులో కోడలి ఇంటిపేరు ముందు పడింది, పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంది. ఇప్పుడు దాని పని మీద ఉన్నాం. ఇలాంటివి ముందే పట్టుకోవాలంటే, నా దగ్గరికి వచ్చేటప్పుడు ఆల్బమ్ కాకుండా ఇద్దరి పాస్‌పోర్టుల జిరాక్స్ తీసుకురండి. అన్ని పేజీలూ, ఖాళీవాటితో సహా.