మీటర్ 700 అంటోంది, మూసలో నిజంగా ఎంత?

కరిగిన అల్యూమినియంతో ఉన్న చిక్కేంటంటే, కంటికి అది ఏమీ చెప్పదు. ఇనుమైతే కొలిమిలో ఎర్రబడి, ఆ తర్వాత నారింజ రంగుకు తిరుగుతుంది, కమ్మరి ఆ రంగును చూసే వేడి ఎంతో పట్టేస్తాడు. అల్యూమినియం 660 డిగ్రీలకే కరిగిపోతుంది కాబట్టి పట్టపగలు ఎండలో చూస్తే 680 దగ్గరా, 780 దగ్గరా ఒకే తెల్లటి మెరుపు, మూసలో పాదరసం పోసినట్టు. ముట్టుకోకుండా దూరం నుంచే వేడి కొలిచే ఇన్‌ఫ్రారెడ్ గన్ కూడా ఇక్కడ పనికిరాదు. మెరిసే లోహం తన వేడిని కిరణాలుగా బయటికి వదిలేది చాలా తక్కువ, అందుకే గన్ వందల డిగ్రీలు తక్కువ చూపించేస్తుంది. ఇంట్లో పోత పోసేవాళ్లకు మిగిలేది కె టైప్ థర్మోకపుల్, అంటే రెండు రకాల లోహపు తీగలతో వేడిని కొలిచే సాధనం.

నేను పెరట్లో చిన్న గ్యాస్ కొలిమి పెట్టుకుని తుక్కు అల్యూమినియం కరిగిస్తాను. మొదట్లో పోసిన పుల్లీలు పైకి బాగానే ఉండేవి, లేత్ మీద ఒక పొర తీయగానే లోపలంతా సూదిమొనంత బెజ్జాలు. అవి హైడ్రోజన్ బుడగలు. గాల్లోని తేమ, గ్యాస్ మంటలోంచి వచ్చే ఆవిరి వేడి అల్యూమినియంతో కలిసినప్పుడు హైడ్రోజన్ విడిపోయి లోహంలో కరుగుతుంది. గడ్డకట్టిన అల్యూమినియం కన్నా కరిగినది దాదాపు 20 రెట్లు ఎక్కువ హైడ్రోజన్‌ను పట్టుకోగలదు, పైగా 660 నుంచి 760కి వెళ్తే ఆ శక్తి ఇంకా దాదాపు రెట్టింపవుతుంది. గడ్డకట్టేటప్పుడు అదంతా బయటికి రావాలి, రాలేక లోపలే బుడగలుగా ఉండిపోతుంది. వేడి ఎక్కువైపోతోందని నాకు అనుమానం. మీటర్ మాత్రం ప్రతిసారీ 700 అనేది.

తప్పు ఎక్కడుందో తెలియాలంటే థర్మోకపుల్ ఎలా పనిచేస్తుందో చూడాలి. 1821లో సీబెక్ అనే జర్మన్ శాస్త్రవేత్త రెండు వేర్వేరు లోహాలను కలిపి వలయంగా చేసి, ఒక అతుకును వేడిచేస్తే పక్కనున్న దిక్సూచి ముల్లు కదలడం గమనించాడు. కె టైప్‌లో ఆ రెండు లోహాలు క్రోమెల్, అల్యూమెల్ అనే నికెల్ మిశ్రమాలు. కొనమీద ఉండే చిన్న అతుకులోనే కరెంటు పుడుతుందని చాలామంది అనుకుంటారు, నేనూ అలాగే అనుకున్నాను. నిజానికి వోల్టేజీ పుట్టేది తీగ పొడవునా, వేడి ఒక చోటి నుంచి ఇంకో చోటికి మారే భాగంలో. డిగ్రీకి సుమారు 41 మైక్రోవోల్టులు. అంటే థర్మోకపుల్ కొలిచేది తేడానే: కొన దగ్గరి వేడికీ, మీటర్ దగ్గరి వేడికీ మధ్య తేడా. మీటర్ తన దగ్గరి వేడిని విడిగా కొలిచి, దానికి కలిపి చూపిస్తుంది.

నేను ప్రోబ్ (లోహంలో ముంచే థర్మోకపుల్ కడ్డీ) తల నుంచి, అంటే పైన వైర్లు కలిపే చోటు నుంచి, మీటర్‌కు మామూలు రాగి వైరు లాగాను, తప్పు అక్కడే జరిగింది. కొలిమి సెగకు ప్రోబ్ తల 90 డిగ్రీలకు వేడెక్కేది, మీటర్ బల్లమీద 35 దగ్గర ఉండేది. రెండు వైపులా రాగే కాబట్టి ఆ మధ్య దూరంలో ఉన్న 55 డిగ్రీల తేడాకు వోల్టేజీ ఏమీ రాలేదు, అంతా లెక్కలోంచి జారిపోయింది. మీటర్ 700 అన్నప్పుడు మూసలో 755.

ఇది బయటపెట్టింది అల్యూమినియమే. పాత కరెంటు తీగలు వలిచి కరిగించి (అవి దాదాపు స్వచ్ఛమైన అల్యూమినియం), ప్రోబ్ ముంచి, మంట ఆపేసి చూస్తూ కూర్చున్నాను. అంకె గబగబా దిగుతుంది, ఒకచోట ఆగిపోతుంది. పైన సన్నటి పొర ముడతలు పడుతుంటే, మూస చుట్టూ వేడి బయటికి పోతూనే ఉంటే, అంకె మాత్రం నిమిషాల తరబడి కదలదు, గడ్డకట్టేటప్పుడు బయటపడే వేడి పోయే వేడికి సరిపోతుంది మరి. ఆగాల్సింది 660 దగ్గర. నా మీటర్ 605 దగ్గర ఆగింది! ప్రపంచంలోని కొలతల ప్రయోగశాలలు థర్మామీటర్లను సరిచూసుకోవడానికి ఎంచుకున్న స్థిర బిందువుల్లో ఈ 660.323 ఒకటి, అది మన పెరట్లో తుక్కు తీగలతో దొరకడం నాకు ఇప్పటికీ అబ్బురమే. పిస్టన్ల తుక్కుతో మాత్రం ఈ పరీక్ష చేయకండి, అందులో సిలికాన్ ఉంటుంది, 577 దాకా దిగుతూ గడ్డకడుతుంది.

రాగి వైరు తీసేసి కె టైప్ కాంపెన్సేటింగ్ కేబుల్ (ప్రోబ్ తీగల్లాగే వోల్టేజీ ఇచ్చే లోహాలతో చేసిన వైరు) వేశాక అంకె 658 దగ్గర ఆగింది. ఆ వేడి దగ్గర మామూలు కె టైప్‌కు అటూ ఇటూ 5 డిగ్రీలు ఉండనే ఉంటాయి, కాబట్టి నాకు చాలు. కేబుల్‌ను తిరగేసి కలిపితే మాత్రం తప్పు పోకపోగా రెట్టింపవుతుంది, జాగ్రత్త. తీగల రంగులు నమ్మకండి, అమెరికా పద్ధతిలో ఎరుపు మైనస్, చవక ప్రోబ్‌లు చాలావాటిలో ఎరుపు ప్లస్. ప్రోబ్ తీగల దగ్గర చిన్న అయస్కాంతం పెట్టండి: అతుక్కునేది అల్యూమెల్, అదే మైనస్.

ఇంకో మాట, ఇది ప్రాణాల మీదికి తెచ్చేది. చల్లటి ప్రోబ్‌ను నేరుగా లోహంలో ముంచొద్దు. దానిమీద కంటికి కనబడని తేమ ఉన్నా, నీరు ఆవిరైతే 1600 రెట్లకు పైగా ఉబ్బుతుంది, కరిగిన లోహం మొహం మీదికి చిమ్ముతుంది. ముందు కొలిమి అంచున పెట్టి బాగా వేడెక్కనివ్వండి. స్టీలు తొడుగు ఉన్న ప్రోబ్‌ను అల్యూమినియంలో వదిలేయడం కూడా తప్పే, కరిగిన అల్యూమినియం ఇనుమును మెల్లగా తినేస్తుంది. నేను ఆ తొడుగుకు బోరాన్ నైట్రైడ్ పూత వేసి ఆరబెడతాను, ముంచి, అంకె నిలకడగా ఆగేదాకా చూసి, తీసేస్తాను. ఈ మధ్య పోసిన పుల్లీని మొన్న లేత్ మీద మధ్యకు కోసి చూశాను, బెజ్జాలు వెతికితే రెండో మూడో కనబడ్డాయి.